బ్యారీ శాండర్స్ వదిలేసిన 1,457 గజాలు

1999 జూలై 28, బుధవారం. పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి మా ఫ్లోర్ అంతా చావు కబురు విన్న ఇల్లులా ఉంది. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేను ఉద్యోగంలో చేరి అప్పటికి పదకొండు నెలలు. వైటూకే పనితో, అంటే 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదవకుండా సరిచేసే పనితో, అందరం తలమునకలుగా ఉన్న రోజులు. ఏదో సర్వర్ పడిపోయి ఉంటుందనుకున్నాను. మా టీమ్ లీడ్, యాభై దాటిన మనిషి, పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టి "వెళ్ళిపోయాడు" అన్నాడు. ఇంకేమీ అనలేకపోయాడు.

వెళ్ళిపోయింది బ్యారీ శాండర్స్. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డెట్రాయిట్ లయన్స్ జట్టు రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. ముప్పై ఒకటి నిండి పట్టుమని రెండు వారాలు కూడా కాలేదు. ఆపరేషన్ అయిన మోకాలు లేదు, విరిగిన ఎముక లేదు. ట్రైనింగ్ క్యాంప్ రేపో మాపో మొదలవుతుందనగా, కాన్సస్ రాష్ట్రంలోని తన సొంతూరు విచిటా పత్రికకి ఒక ఫ్యాక్స్ పంపి, తను లండన్ విమానం ఎక్కాడు. ఆటలో ఉండాలన్న కోరిక కంటే బయటికి రావాలన్న కోరిక ఎక్కువగా ఉంది, కారణం అంతే అన్నది ఆ ఫ్యాక్స్‌లోని మాట. ప్రెస్ మీట్ లేదు, వీడ్కోలు సభ లేదు.

అప్పటికి బ్యారీ పరుగెత్తినవి 15,269 గజాలు. పాత ఆటగాడు వాల్టర్ పేటన్ పేరిట ఉన్న లీగ్ రికార్డు 16,726. మధ్యలో తేడా 1,457. ముందు ఏడాది, అంటే 1998లో, జట్టు చిత్తుగా ఓడుతున్నా సరే, బ్యారీ 1,491 గజాలు చేశాడు. అలాంటిదే ఇంకొక్క మామూలు ఏడాది ఆడితే చాలు, చరిత్రలో మొదటి పేరు అతనిదయ్యేది. ఆ ఒక్క ఏడాదీ ఆడలేదన్న కోపం ఈ ఊళ్ళో చాలామందికి చాలా ఏళ్ళు పోలేదు. పారిపోయాడన్నారు, జట్టుని ముంచాడన్నారు. పాతికేళ్ళుగా ఈ వాదన వింటున్నాను. బ్యారీ చేసింది సరైన పని అని, ఆ ఏడాది అతను ఎవరికీ బాకీ లేడని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు రన్నింగ్ బ్యాక్ అంటే ఎవరో చెప్పాలి.

మన ఆటల్లో దీనికి దగ్గరగా ఉండేది కబడ్డీ. కూతకి వెళ్ళినవాడు ఒక్కడు, పట్టుకోడానికి ఎదురుగా ఏడుగురు. ఇక్కడ పదకొండుమంది. వాళ్ళలో ముందు వరసలో నిలబడేవాళ్ళు నూటపాతిక కిలోల పైనే ఉంటారు. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతి చేతిలో పెట్టగానే రన్నింగ్ బ్యాక్ దాన్ని పొట్టకి అదుముకుని, తనవాళ్ళు తోసి చేసిన సందులోకి దూరాలి. సందు ఉండొచ్చు, మూసుకుపోయి ఉండొచ్చు. ఎలా అయినా చివరికి ఎవడో ఒకడు పూర్తి వేగంతో వచ్చి గుద్ది నేలకేస్తాడు. కబడ్డీలో కూతగాడు గీత తాకి ఇంటికి రావచ్చు. ఇక్కడ టచ్‌డౌన్ కొడితేనో, అంటే బంతితో అవతలి చివరి గీత దాటితేనో, పక్క గీత దాటి మైదానం బయటికి పోతేనో తప్ప ప్రతి పరుగూ కింద పడటంతోనే ముగుస్తుంది. సగటున ఒక్కో పరుగుకి నాలుగు గజాలొస్తే మంచి ఆటగాడంటారు. గజమంటే మూడడుగులు. పన్నెండడుగుల నేల కోసం ఒకసారి గుద్దించుకోవడమన్నమాట. బ్యారీ సగటు ఐదు గజాలు. పదేళ్ళలో 3,062 సార్లు బంతి పట్టుకుని ఆ గుంపులోకి వెళ్ళాడు.

నేను అతన్ని కళ్ళారా చూసింది ఒకేసారి, 1998 శరత్కాలంలో, పాంటియాక్‌లోని లయన్స్ స్టేడియం సిల్వర్‌డోమ్‌లో. టికెట్ మా టీమ్ లీడ్ ఇప్పించాడు. ఆట నాకు సగమే అర్థమయ్యేది. బ్యారీ ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, చుట్టూ ఉన్నవాళ్ళ మధ్య చిన్నపిల్లాడిలా కనిపించాడు. మొదటి రెండుసార్లు బంతి తీసుకుని వెనక్కే పడిపోయాడు. మూడోసారి కుడివైపు వెళ్ళబోయాడు, అక్కడ గోడ కట్టినట్టు మనుషులున్నారు. ఆగాడు. నిజంగా ఆగిపోయాడు, రెండు పాదాలూ నేలకి ఆనించి. అతని మీదికి దూకినవాడు గాలిని పట్టుకుని పడ్డాడు. ఈలోపు బ్యారీ ఎడమవైపు తిరిగి, నడుము కిందికి దించి, చెరువులో చేపపిల్ల మళ్ళినట్టు మళ్ళి, ఇద్దరి మధ్య నుంచి జారిపోయాడు. ఇరవై గజాలో ఎంతో వెళ్ళి ఉంటాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. అతను మాత్రం లేచి, బంతి రెఫరీ చేతికిచ్చి, తలొంచుకుని తన చోటుకి వెళ్ళిపోయాడు. టచ్‌డౌన్ కొట్టినా అంతే, గంతులు వెయ్యడు, వేలు చూపించడు. పని అయింది, బంతి ఇచ్చేశాడు. నేనతన్ని అభిమానించడం మొదలైంది ఆ బంతి ఇచ్చిన తీరు చూసి.

లెక్కల్లో కూడా అతను విచిత్రమైన మనిషి. 1994 చివర్లో గ్రీన్ బే జట్టు మీద ప్లేఆఫ్ ఆటలో, అంటే సీజన్ అయ్యాక మేటి జట్ల మధ్య జరిగే నాకౌట్ ఆటలో, 13 సార్లు పరుగెత్తి మొత్తం మీద మైనస్ ఒక గజం చేశాడు, అంటే ముందుకి పోకపోగా ఒక గజం వెనక్కే. 1997లో మొదటి రెండు ఆటలు కలిపి 53 గజాలే. పని అయిపోయిందన్నారు. తర్వాత వరసగా 14 ఆటల్లో, ప్రతి ఆటలోనూ, వందకి పైగా చేసి ఏడాదిని 2,053తో ముగించాడు. అప్పటికి ఒక సీజన్‌లో రెండు వేలు దాటినవాళ్ళు ఇద్దరే, ఓ.జె. సింప్సన్, ఎరిక్ డికర్సన్.

ఆ రెండు వేలు దాటిన రోజు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 1997 డిసెంబరు 21, సిల్వర్‌డోమ్‌లో న్యూయార్క్ జెట్స్‌తో ఆట. అదే ఆటలో, చివరి క్వార్టర్‌లో, ఎదుటివాళ్ళని ఆపే లైన్‌బ్యాకర్‌గా లయన్స్‌కి ఆడే రెజ్జీ బ్రౌన్, బంతి ఉన్నవాణ్ణి పడగొట్టే టాకిల్ దగ్గర తల తగిలి పడిపోయి, మళ్ళీ కదల్లేదు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు. ఊపిరి ఆగిపోయింది. మైదానంలోనే నోట్లో గాలి ఊది బతికించాల్సి వచ్చింది. రెండు జట్లవాళ్ళూ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశారు. వెన్నుపూసకి అత్యవసర ఆపరేషన్ చేశారు. అదృష్టం బాగుండి తర్వాత నడవగలిగాడు, ఆట మాత్రం అక్కడితో ముగిసింది. అంతకు ఆరేళ్ళ ముందు, 1991 నవంబరులో, అదే స్టేడియంలో, బ్యారీకి దారి చేసే లైన్‌లో ఉండే మైక్ అట్లీ మెడ విరిగి ఛాతీ కింది నుంచి చచ్చుబడిపోయాడు. స్ట్రెచర్ మీద బొటనవేలు పైకెత్తి చూపిస్తూ వెళ్ళాడు.

బ్యారీ మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఇద్దరు తోటి ఆటగాళ్ళు తను రోజూ పడే నేల మీదే పడి, లేవకపోవడం చూసిన మనిషి, తన కాళ్ళు ఇంకా తన మాట వింటుండగానే బయటికి వచ్చాడు. దాన్ని పిరికితనం అన్నవాళ్ళు ఆ మైదానంలో ఒక్కసారి కూడా పడినవాళ్ళు కారు.

ఇప్పుడు రెండో మనిషి సంగతి. ఎర్ల్ క్యాంప్‌బెల్. టెక్సస్‌లోని టైలర్ ఊరివాడు. గులాబీ తోటలకి పేరున్న ఊరది. పదకొండుమంది పిల్లల్లో ఒకడు, పదకొండేళ్ళకే తండ్రి పోయాడు, తల్లితో కలిసి ఆ గులాబీ తోటల్లో పని చేశాడు. 1978లో హ్యూస్టన్ ఆయిలర్స్ జట్టు అతన్ని డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే చోట, మొట్టమొదటి పేరుగా తీసుకుంది. బ్యారీ తప్పించుకునేవాడైతే ఎర్ల్ గుద్దేవాడు. ఎదురొచ్చినవాడి ఛాతీలోకి తల దించి దూసుకుపోయేవాడు. లాస్ ఏంజెలెస్ రామ్స్‌తో ఆటలో అలా ఒకణ్ణి పడేసి, వెనకనుంచి పట్టుకున్నవాళ్ళ చేతుల్లో జెర్సీ చిరిగిపోతున్నా ముందుకే వెళ్ళిన దృశ్యం ఇప్పటికీ చూపిస్తుంటారు. జనం దాన్ని చూసి ఈలలు వేస్తారు. నేను పూర్తిగా చూడలేను.

మొదటి నాలుగేళ్ళలో ఎర్ల్ చేతికి బంతి 1,404 సార్లు ఇచ్చారు. ఒక్క 1980లోనే 373 సార్లు. ఆ ఏడాది 1,934 గజాలు చేశాడు, మొదటి మూడేళ్ళూ లీగ్ మొత్తానికి అతనే మొదటివాడు. పరిగెడుతున్నాడు కదా అని ఇస్తూనే పోయారు. 1984లో న్యూ ఆర్లీన్స్‌కి ఇచ్చేశారు. 1986 ఆగస్టులో ఆట మానేశాడు. అప్పుడు అతని వయసెంతో తెలుసా? ముప్పై ఒకటి. బ్యారీ ఫ్యాక్స్ పంపిన వయసే. ఆడింది ఎనిమిదేళ్ళు, పరిగెత్తింది 9,407 గజాలు.

తర్వాత వెన్నుకి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. పాదం పైకి లేవదు, వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. నడవాలంటే వాకర్, దూరమైతే చక్రాల కుర్చీ. నొప్పి మాత్రలకీ మద్యానికీ బానిసై 2009లో చికిత్సా కేంద్రంలో చేరిన సంగతి ఆయనే దాపరికం లేకుండా చెప్పాడు. 1991లో ఆటలో మేటివాళ్ళ పేర్లు చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. గౌరవం దక్కింది, కాదనను. గౌరవం వెన్నెముకని నిటారుగా నిలబెట్టదు.

మాది గుంటూరు. మా నాన్న మిర్చి యార్డులో హమాలీ. లారీలో నుంచి టిక్కీ వీపు మీదికి దించుకుని, మోసుకెళ్ళి, ఒకదాని మీద ఒకటి పేర్చడం పని. మిర్చి టిక్కీ అంటే నలభై కిలోల పైమాటే. సీజన్లో రోజుకి ఎన్ని మోసేవాడో లెక్కపెట్టుకునేవాడు కాదు, మేస్త్రీ లెక్కపెట్టేవాడు. రాత్రి ఇంటికొస్తే చొక్కా విప్పినా ఘాటు పోయేది కాదు, మేమందరం తుమ్మేవాళ్ళం. నలభై ఎనిమిదో ఏట ఒకరోజు నాన్న "ఇంక మొయ్యలేనురా" అన్నాడు. బాబాయిలు, మేనమామలు వచ్చి కూర్చున్నారు. చెల్లి పెళ్ళి దాకా లాగమన్నారు. రెండేళ్ళే కదా బావా, అన్నాడు మా పెద్ద మేనమామ. డిగ్రీ చదువుతున్న నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్న నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. నాన్న ఇంకో రెండేళ్ళు మోశాడు. నడుములో పూస జారింది ఆ రెండో ఏడాదే.

2006లో నాన్న మా దగ్గరికి మిషిగన్ వచ్చాడు. ఒక ఆదివారం బ్యారీ పాత ఆటల వీడియో పెట్టాను. నాన్నకి ఆట తెలియదు, బంతి ఎవరి దగ్గరుందో కూడా పట్టించుకోలేదు. ఆ కాళ్ళనే చూశాడు. చాలాసేపు చూసి, "ఈ అబ్బాయి మోకాళ్ళు ఇప్పుడెట్టా ఉన్నయ్యిరా?" అని అడిగాడు. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా బ్యారీ గురించి నాతో మాట్లాడినవాళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఇంకొకరు లేరు. అందరూ రికార్డు సంగతే అడిగారు.

బ్యారీని తప్పు పట్టేవాళ్ళ వాదనలో బలమైనది ఒకటుంది, దాన్ని దాటెయ్యను. 1997లో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టి 1.1 కోట్ల డాలర్ల బోనస్ తీసుకున్నాడు. డబ్బు తీసుకుని మధ్యలో వెళ్ళిపోవచ్చా? జట్టు 55 లక్షలు వెనక్కి ఇమ్మంది. పంచాయితీ మధ్యవర్తి దగ్గరికి వెళ్ళింది. 2000లో ఆయన ముందుగా 18 లక్షల 33 వేల డాలర్లు కట్టమన్నాడు. అంటే ఆడని ఏళ్ళ లెక్క తేల్చడానికి పద్ధతి ఉంది, ఆ పద్ధతి ప్రకారమే తేలింది. డబ్బు బాకీ డబ్బుతో తీరుతుంది. శరీరంతో తీర్చాల్సిన బాకీ అంటూ ఏ ఒప్పందంలోనూ ఉండదు.

అసలు ఈ లీగ్‌లో ఒప్పందం ఎలా ఉంటుందో కూడా చూడాలి. ఆరేళ్ళకి రాసుకున్నా, గ్యారంటీ అని రాసిన ముక్క తప్ప మిగతా డబ్బుకి భరోసా లేదు. ఆటగాడు మందగించాడనిపిస్తే జట్టు అతన్ని తీసేస్తుంది, మిగతా ఏళ్ళ జీతం ఇవ్వదు. అలా తీసేసినప్పుడు ఆ జట్టుని పారిపోయిందని ఎవరూ అనరు. వ్యాపారం అంటారు. ఆటగాడు తనే లెక్క వేసుకుని లేచి వెళ్తే మాత్రం విశ్వాసం, కృతజ్ఞత లాంటి మాటలు బయటికొస్తాయి.

ఒక్క విషయంలో బ్యారీ వైపు నిలబడలేను. ఆ కబురు చెప్పిన వేళ. ఫిబ్రవరిలోనే చెప్పి ఉంటే ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో జట్టు ఇంకొకర్ని వెతుక్కునేది. క్యాంప్ ముంగిట చెప్పడం వల్ల తోటి ఆటగాళ్ళకి ఇబ్బందయింది, అది ఒప్పుకోవాల్సిందే. అయినా ఆ 1999 లయన్స్ అతను లేకుండానే 8 గెలిచి, 8 ఓడి, ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. ముంచేసిపోయాడన్న మాట అక్కడ నిలబడదు. ఇంకో సంగతి కూడా ఉంది. అతనున్న పదేళ్ళలో జట్టు గెలిచిన ప్లేఆఫ్ ఆట ఒక్కటే, 1992 జనవరిలో డల్లాస్ మీద, 38-6. మళ్ళీ ఇంకొకటి గెలవడానికి 2024 జనవరి దాకా పట్టింది. ముప్పై రెండేళ్ళు. బ్యారీ ఇంకో ఏడాది ఆడితే మారిపోయే కథ కాదది.

రికార్డు కోసం ఆగకపోవడం కూడా అతనికి కొత్త కాదు. 1989లో, ఇంకా మొదటి ఏడాదే, చివరి ఆట అట్లాంటాలో. జట్టు గెలుపు ఖాయమైంది. లీగ్‌లో మొదటి స్థానానికి పది గజాల దూరంలో ఉన్నాడు, కాన్సస్ సిటీ ఆటగాడు క్రిస్టియన్ ఒకోయే 1,480, తను 1,470. మళ్ళీ దిగుతావా అని కోచ్ అడిగితే వద్దన్నాడు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. పది గజాలంటే అతనికి రెండు పరుగులు. పదేళ్ళ తర్వాత 1,457 గజాల్ని వదిలేసిన మనిషి అప్పుడే అక్కడ ఉన్నాడు, మనమే చూడలేదు.

ఇది పాతికేళ్ళ కిందటి కథ, ఇప్పుడెందుకు అనొచ్చు. ఇప్పటి రన్నింగ్ బ్యాక్‌ల పరిస్థితి చూస్తే బ్యారీ లెక్కే ఇంకా గట్టిగా కనిపిస్తోంది నాకు. కాలేజీ నుంచి ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళకి వస్తారు. మొదటి ఒప్పందం నాలుగేళ్ళు, జీతం డ్రాఫ్ట్‌లో ఎన్నో పేరుగా వచ్చావన్నదాన్ని బట్టి ముందే ఖరారు. మొదటి రౌండ్‌లో వచ్చినవాణ్ణి ఐదో ఏడాదీ అట్టిపెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఫ్రాంచైజ్ ట్యాగ్ అని ఇంకో ఏడాది కట్టేసుకోవచ్చు. అప్పటికి ఇరవై ఆరో, ఇరవై ఏడో వస్తాయి. అప్పుడు పెద్ద ఒప్పందం అడిగితే, నీ కాళ్ళు అరిగిపోయాయి కదా అంటారు. ఆ కాళ్ళు అరిగింది ఎవరి కోసం?

2023 వేసవిలో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు సేక్వాన్ బార్క్‌లీకి ఇదే జరిగింది. ఆ ఏడాది రన్నింగ్ బ్యాక్‌కి ట్యాగ్ కింద ఇచ్చే ఏడాది జీతం 1 కోటి 91 వేల డాలర్లు. పెద్ద ఒప్పందం కుదరలేదు. ఆ జూలైలో పేరున్న రన్నింగ్ బ్యాక్‌లు చాలామంది జూమ్ కాల్‌లో కూర్చుని తమ గోడు చెప్పుకున్నారు. కోటి డాలర్లు తీసుకునేవాళ్ళకి గోడేమిటి అని చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మనిషి శరీరానికి గడువు తేదీ వేసి, ఆ గడువులోపు చవగ్గా వాడుకుని, తర్వాత గడువు చూపించి బేరమాడటం జీతం ఎంతైనా అన్యాయమే.

బార్క్‌లీ 2024లో ఫిలడెల్ఫియా వెళ్ళి 2,005 గజాలు చేశాడు. చివరి ఆట మిగిలుంది, అదీ తను వదిలి వచ్చిన జెయింట్స్ మీదే. ఒక సీజన్‌కి డికర్సన్ రికార్డు 2,105. ఇంకో 101 చేస్తే దాటేస్తాడు. ప్లేఆఫ్స్‌లో స్థానం అప్పటికే ఖాయమైంది కాబట్టి కోచ్ అతన్ని ఆడించలేదు. తెలివైన నిర్ణయమన్నారు చాలామంది. నెల తర్వాత లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాక ఇక మాట్లాడేవాళ్ళే లేరు. నేనూ సంతోషించాను. కానీ ఆ రాత్రి నిద్రపట్టక ఇదే ఆలోచించాను. రికార్డు ముందు నిలబడిన ఆటగాణ్ణి కోచ్ కూర్చోబెడితే అది తెలివి. అదే ఆటగాడు తనంతట తను కూర్చుంటే పారిపోవడం ఎలా అయింది? ఆ కాళ్ళ గురించి కోచ్‌కి తెలిసినంత ఆ కాళ్ళున్నవాడికి తెలియదా?

అందరూ ముప్పై ఒకటికే మానెయ్యాలని నేననడం లేదు. ఎమిట్ స్మిత్ పదిహేనేళ్ళు ఆడాడు, పేటన్ రికార్డుని 2002లో దాటి 18,355 దగ్గర ఆగాడు. ఫ్రాంక్ గోర్ పదహారేళ్ళు ఆడాడు. డెరిక్ హెన్రీ ముప్పయ్యో ఏట బాల్టిమోర్‌కి 1,921 గజాలు చేసిపెట్టాడు. ఆడగలిగినవాళ్ళు, ఆడాలనిపించినవాళ్ళు ఆడారు. నాకు వాళ్ళ మీద గౌరవం ఉంది. చాలనిపించిన రోజు చాలని చెప్పినవాడికి కూడా అంతే గౌరవం దక్కాలి.

2023 సెప్టెంబరులో డెట్రాయిట్‌లో లయన్స్ ఇప్పటి స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ బయట బ్యారీకి కంచు విగ్రహం పెట్టారు. ఆ శీతాకాలంలో మా అబ్బాయితో వెళ్ళి చూశాను. బంతి ఒక చేత్తో పట్టుకుని, ఒంగి, పక్కకి మళ్ళబోతున్నట్టు ఉంటుంది. కళ్ళ ముందే ఎటో జారిపోతాడనిపిస్తుంది. మా వాడు ఫోన్‌లో చూసి, "1,457 గజాలంటే కిలోమీటరూ మూడు వందల ముప్పై మీటర్లు నాన్నా, అంతే" అన్నాడు.

గుంటూరులో మా ఇంటి దగ్గర్నుంచి నాన్న సాయంత్రం వెళ్ళే టీ కొట్టు దాదాపు అంతే దూరం. 2014లో పోయేదాకా రోజూ వెళ్ళేవాడు, దారిలో రెండు చోట్ల కూర్చుని. ఒకటి మందుల షాపు మెట్ల మీద, రెండోది రావిచెట్టు కింద అరుగు మీద.